ఐత్వమిస్తే

మూడు పాయింట్ ఎనిమిది పాయింట్ రెండు.
ఈ వెర్షన్‌లో ఏం బాగుచేశామో
నాలుగు ముక్కల్లో రాసివ్వమన్నారు, ఆరులోగా.
రుషికొండ మీద అద్దాల గది. కింద సముద్రం.
దాన్ని పోలికకి వాడనని ఒట్టేసుకున్నాను,
ఈ ఆఫీసులో అందరూ వాడేశారు.

రాశాను:
నిద్రలేచిన కంప్యూటర్‌లో సింక్ ఆగిపోవడం, సరిచేశాం.
పెద్ద ఫైలు సగంలో తెగితే, తెగిన చోటునుంచే మొదలవుతుంది.
కొన్ని పేర్లు రెండుగా కనబడడం, సరిచేశాం.

మూడో వాక్యం దగ్గర చెయ్యి ఆగింది.
కొన్ని అంటే?

ఏప్రిల్ ఆఖర్లో, బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉన్న రోజుల్లో,
ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీ నుంచి ఫోను.
లెక్కలు రాసే కారి నూకరత్నం.
"అమ్మా, సూరాడోల్లది బాగుంది, గరికినోల్లదీ బాగుంది,
మైలపల్లి పైడిరాజొక్కడే రెండైపోతన్నాడు.
ఒకడ్ని తీసేత్తే, టీ తాగొచ్చేలోగా మల్లీ ఇద్దరు.
ఆడి డీజిలప్పు రెండుపాల్లు పడిపోనాది.
నానేటి, రెండు బోట్లేసుకెల్తన్నానా అని
జెట్టీ మీద ఒకటే తగువు."

నవ్వాను.
తర్వాత మూడు వారాలు నవ్వలేదు.
నెట్‌వర్క్ అన్నాను. గడియారం తేడా అన్నాను.
డాబా గార్డెన్స్‌లో ఆడిటరు గారి మాక్ మీదికి నెట్టాను.
లాగ్‌లో పదకొండు వేల వరసలు,
ఏడు నిమిషాలకోసారి అదే మనిషి
కొత్తవాడిలా ఎక్కి, దిగి, ఎక్కి.

పేరుని అక్షరమక్షరం విప్పిన రాత్రి తెలిసింది.
జెట్టీ మీది కంప్యూటర్‌కి మై అంటే
ఒక మ, ఒక ఐత్వం.
ఆడిటరు గారి దానికి
మ, దాని మీద ఎత్వం, కింద విడిగా ఒక వంకర.
తెర మీద రెండూ ఒకటే. రత్నం కంటికీ, నా కంటికీ.
మా ప్రోగ్రాంకి మాత్రం
ముక్కూమొహం తెలియని ఇద్దరు.
పై కూడా అంతే. ఇంటిపేరులోనూ, అమ్మవారి పేరులోనూ
రెండుచోట్లా దొరికిపోయాడు పాపం.

గోపాలపట్నం బడిలో వరహాలు మాస్టారు
బెత్తంతో బల్ల మీద తాళం వేస్తూ చెప్పించేవారు,
కకు ఎత్వమిస్తే కె, కకు ఏత్వమిస్తే కే,
కకు ఐత్వమిస్తే కై.
ఇచ్చింది ఒకటే.
దాన్నెవరో విప్పి రెండు చేస్తారని
ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.
తీరా చూస్తే ఫైలు అన్న మాటకే ఉంది ఐత్వం.
వైజాగ్‌కీ ఉంది.
విశాఖ అని రాసుకున్నవాళ్ళకి ఏ ఇబ్బందీ రాలేదు.

దిద్దుబాటు నాలుగు లైన్లు.
పేర్లని ముందు ఒకే తీరుకి తెచ్చి, అప్పుడు పోల్చు.
కష్టం అక్కడ లేదు,
అప్పటికే ఇద్దరైపోయిన పైడిరాజులున్నారు కదా.
ఒకడి ఖాతాలో మార్చి ముప్పైన ఇరవై దిమ్మల ఐసు.
ఇంకొకడి ఖాతాలో, వారం తర్వాత, నలభై కిలోల కోనాం.
కొత్తది ఉంచి పాతది చెరిపేద్దాం అన్నాడు మా లీడు చైనులు.
చెరిపితే
ఒకడు వెళ్ళి తిరిగి రాడు,
ఇంకొకడు వెళ్ళకుండానే వస్తాడు.

ఏదీ చెరపలేదు. పక్కపక్కన పెట్టి అడిగేలా చేశాం.
"ఆడికి సదువు రాదమ్మా, నానే సదివి ఇనిపించినాను,
ఔనన్నవన్నీ ఉంచినాను" అంది రత్నం.
డీజిలు దగ్గర ఒక్కసారే ఔనన్నాడట.

ఆరుకి పది నిమిషాలు.
కొన్ని పేర్లు కొట్టేసి, ఐత్వమున్న పేర్లు అని రాశాను.
ఎవరికర్థమవుతుందీ, అన్నాడు చైనులు.
నీ పేరు రాసి చూసుకో, అన్నాను.

ఇవాళ జూన్ పద్నాలుగు. అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది.
బ్యాగు సర్దుకుంటుంటే రత్నం మెసేజి:
పైడిరాజు ఐసు ఎక్కించీసినాడు.
ఒక్కపాలే పడింది.